గాడులు లేని ఎన్‌ఫీల్డ్

2017లో ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికల వార్తల కోసం లక్నోలో మకాం వేసి ఉన్నప్పుడు, పాత బస్తీలోని ఒక వృద్ధ న్యాయవాది ఇంటికి వెళ్లాను. మాట్లాడవలసింది టిక్కెట్ల పంపిణీ గురించి, కులాల లెక్కల గురించి. అరగంటలో ఆ సంగతులు ముగిశాయి. టీ తాగుతుండగా ఆయన లేచి వెళ్లి, లోపలి గదిలోంచి పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువునొకదాన్ని రెండు చేతులా పట్టుకుని తెచ్చారు.

"బేటా, సత్తావన్ నాటి గొడవంతా దీని గురించే" అన్నారు. సత్తావన్ అంటే 1857.

నాలుగున్నర అడుగులు దాటిన పొడవు. గొట్టాన్ని కొయ్యకు బిగించి పట్టిన మూడు ఇనుప పట్టీలు. పక్కన మీట పలక మీద కిరీటం ముద్ర, దాని కింద విక్టోరియా రాణి పేరు తాలూకు రెండక్షరాలు, ముందు వైపు 'టవర్' అనే మాట, 1860 అనే సంవత్సరం. సంవత్సరం చూడగానే అనుమానం వచ్చింది. 1857లో జరిగిన తిరుగుబాటుకు 1860లో తయారైన తుపాకీ కారణం కాజాలదు కదా. పెద్దమనిషితో ఆ మాట అనలేకపోయాను. ఊరికే చూస్తున్నట్టుగా చూపుడువేలిని గొట్టం మూతిలో పెట్టి చుట్టూ తిప్పాను. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అయితే వేలికి మూడు గాడులు తగలాలి. తగలలేదు. లోపల అద్దంలా నున్నగా ఉంది.

ఆ రాత్రి హోటలు గదిలో రాయవలసిన వార్త ఆలస్యమైంది. ఆ నున్నదనం ఎందుకో అప్పటికి నాకు పూర్తిగా తెలియదు. తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పాత తుపాకులు సేకరించేవాళ్ల వ్యసనం మనకు వింతగా కనిపిస్తుంది గాని, వాళ్లు గొట్టంలో వేలుపెట్టి చూసే విద్య ఒక్కోసారి చరిత్ర పుస్తకం చెప్పని సంగతి చెబుతుంది.

తుపాకీ పేలే పద్ధతిని బట్టి ఉత్తరాదివాళ్లు పాతకాలంలో దాన్ని మూడు పేర్లతో పిలిచేవారు. తోడేదార్ అంటే వత్తి తుపాకీ. మన పాత తెలుగులో ఆ వత్తికి జామగి అని పేరు. పత్తర్‌కలా అంటే చెకుముకి తుపాకీ. మూడోది టోపీదార్. గొట్టం వెనుక భాగాన చనుమొనలాంటి చిన్న ఇనుప గొట్టం ఉంటుంది. దానికి రాగి రేకుతో చేసిన బుల్లి టోపీ తొడుగుతారు. టోపీ లోపల పాదరసం నుంచి తయారైన, దెబ్బ తగిలితే చాలు భగ్గుమనే మందు. మీట నొక్కగానే గుర్రం ఆ టోపీని కొడుతుంది, నిప్పు గొట్టంలోకి పోతుంది. ఈ సూత్రానికి 1807లో పేటెంటు పొందినవాడు సైనికుడు కాడు. స్కాట్లండులోని బెల్‌హెల్వీ అనే ఊరి చర్చి బోధకుడు, అలెగ్జాండర్ ఫోర్సిత్. చెకుముకి రాయి నిప్పు రాల్చగానే ఆ మెరుపుకు అడవి బాతులు ఎగిరిపోతున్నాయని ఆయన బాధ. రాజ్యాలను అటూ ఇటూ చేసిన ఒక యంత్రాంగం ఒక పాదిరిగారి పక్షుల వేట చిరాకులోంచి పుట్టింది.

సైన్యానికి దాని విలువ తెలియడానికి కొంత కాలం పట్టింది. 1834లో వూలిచ్‌లో రెండు రకాల తుపాకులనూ ఆరేసి వేల సార్లు పేల్చి చూశారు. చెకుముకి తుపాకులు 922 సార్లు పేలకుండా మొరాయించాయి. టోపీ తుపాకులు 36 సార్లు. వానలో ఈ తేడా ఇంకా పెరిగేది. అక్కడినుంచి చెకుముకి కాలం ముగింపుకు వచ్చింది.

కాని టోపీతో మరొక మార్పు వచ్చింది, దాన్ని సైనిక చరిత్రలు అంతగా పట్టించుకోవు. వత్తి తుపాకీని పల్లెటూరి కమ్మరి చేయగలడు. వత్తిని ఇంట్లో పేనుకోవచ్చు, చెకుముకి రాయిని ఏరుకోవచ్చు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు నూరుకోవడం మన దేశంలో ఊరూరా తెలిసిన పని. రాగి టోపీ అలా కాదు. దానికి రసాయనశాల కావాలి, అచ్చుయంత్రం కావాలి, సరఫరా కావాలి. అంటే తుపాకీ నీ చేతిలో ఉన్నా, దాన్ని పేల్చే అధికారం కర్మాగారం నడిపేవాడి చేతిలో ఉంటుంది. 1857లో తిరుగుబాటు సిపాయిలకు ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. కంపెనీ వాళ్లకిచ్చిన టోపీ తుపాకులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ టోపీలు అయిపోయాయి. కొన్నిచోట్ల టోపీ తుపాకులను వెనక్కి మార్చి వత్తి తుపాకులుగా చేసుకున్నారు. ముందుకు పోయిన యంత్రాన్ని నూరేళ్లు వెనక్కి నడిపించి యుద్ధం కొనసాగించారు. ఆ తిరుగుబాటు గురించి నాకు తెలిసిన వివరాలలో ఇంత విషాదకరమైనది మరొకటి లేదు.

ఇక ఎన్‌ఫీల్డ్ సంగతి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళం. లోపల మరచుట్టుగా తిరిగే మూడు గాడులు. గుండు ఆ గాడులను పట్టుకుని తనచుట్టూ తాను తిరుగుతూ బయటికొస్తుంది కనుక సూటిగా, దూరంగా పోతుంది. అంతకుముందు మూతినుంచి కూరే రైఫిళ్లతో ఒక ఇబ్బంది ఉండేది. గాడులను పట్టాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువైన గుండును గజంతో లోపలికి దిగ్గొట్టడానికి చాలాసేపు పట్టేది. ఫ్రెంచి సైనికాధికారి మినియే దీనికి ఉపాయం కనిపెట్టాడు. గుండును గొట్టం కన్నా సన్నగా, అడుగున బోలుగా పోతపోస్తే అది సులభంగా లోపలికి జారుతుంది. మందు పేలినప్పుడు అడుగు విచ్చుకుని గాడులకు అతుక్కుంటుంది. ఎన్‌ఫీల్డ్ గుండుది ఇదే సూత్రం. నున్నని గొట్టపు మస్కెట్టుతో నూరు గజాల అవతల మనిషిని కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. ఎన్‌ఫీల్డు గురిపట్టీ మీద 900 గజాల దాకా అంకెలుండేవి.

మందు, గుండు రెండూ కలిపి కాగితంలో చుట్టినదే తూటా. సిపాయి దాన్ని పళ్లతో కొరికి చింపి, మందును గొట్టంలో ఒంపి, గుండును దింపాలి. గుండు సులభంగా జారడానికి తూటా కాగితానికి కొవ్వు పూసేవారు. ఆ కొవ్వు ఏ జంతువుది అన్న ప్రశ్నకు సరైన సమాధానం చెప్పగలిగే స్థితిలో కంపెనీ అధికారులు లేరు. ఎందుకంటే కొవ్వు సరఫరా చేసే కాంట్రాక్టరును వాళ్లు ఆ ప్రశ్న అడగలేదు. 1857 జనవరిలో డమ్‌డమ్ ఆయుధాగారంలో ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని నీళ్లు అడగడం, ఆయన తన లోటా ఇవ్వననడం, 'ఆవు కొవ్వు, పంది కొవ్వు కొరికే రోజు వస్తోంది, అప్పుడు నీ కులం ఏమవుతుంది' అని ఖలాసీ అనడం - ఈ కథ మనందరికీ పాఠ్యపుస్తకాల్లో తెలిసిందే. జనవరి నెలాఖరుకే సిపాయిలు తమకు నచ్చిన నూనో మైనమో తామే పూసుకోవచ్చునని అధికారులు అన్నారు. అప్పటికే నమ్మకం పోయింది.

పాఠ్యపుస్తకం చెప్పని సంగతి మరొకటుంది. తిరుగుబాటు చేసిన సిపాయిలలో అత్యధికులు ఎన్‌ఫీల్డ్ రైఫిలును ఒక్కసారైనా చేత పట్టుకోలేదు. డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్ - ఈ మూడు శిక్షణ కేంద్రాలకే అవి మొదట వచ్చాయి. ఫిబ్రవరి 26న బరంపురంలో 19వ పటాలం నిరాకరించిన తూటాలు పాత మస్కెట్టువి. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే పేల్చినది పాత టోపీ మస్కెట్టే. ఏప్రిల్ 24న మీరట్‌లో మూడవ అశ్విక దళానికి చెందిన 90 మందిలో 85 మంది ముట్టమన్న తూటాలు కూడా పాత రకానివే. మే 9న ఆ 85 మందికి కవాతు మైదానంలో అందరూ చూస్తుండగా సంకెళ్లు బిగించారు. మర్నాటి సాయంత్రం మీరట్ భగ్గుమంది.

అంటే సిపాయిలు ఎదురుగా ఉన్న వస్తువును కాదు, రాబోయే వస్తువును నిరాకరించారు. దీన్ని మూఢనమ్మకమని తీసిపారేసిన చరిత్రకారులున్నారు, ఇదంతా మహాకుట్రలో భాగమని కీర్తించిన చరిత్రకారులూ ఉన్నారు. రెండూ నాకు తృప్తినివ్వవు. ప్రభుత్వం చెప్పిన మాట నమ్మడానికి ఏ కారణమూ మిగలనప్పుడు కాగితం మీది నిగనిగ కూడా సాక్ష్యమవుతుంది. సుమారు ఏడాది కిందటే అవధ్‌ను ఒక్క సంతకంతో కలిపేసుకున్న ప్రభుత్వమది. బెంగాలు సైన్యంలో పెద్దభాగం ఆ అవధ్ పల్లెల బిడ్డలు. వాళ్ల అనుమానం తూటాతో మొదలుకాలేదు.

యుద్ధం వచ్చాక ఎన్‌ఫీల్డ్ ఎవరి చేతిలో ఉంది? బ్రిటిషు పటాలాల చేతిలో. మీరట్‌లో, ఆ తరువాత ఢిల్లీ గుట్ట మీద 60వ రైఫిల్ దళం దానితోనే పోరాడింది. జూలై 12న ఫతేపూర్ దగ్గర హేవ్‌లాక్ సైన్యం నానాసాహెబు బలగాలను తరిమినప్పుడు, సిపాయిల మస్కెట్టు గుండ్లు చేరని దూరంనుంచి ఎన్‌ఫీల్డు గుండ్లు వచ్చి పడ్డాయి. ఆ విజయానికి కారణాలలో ఒకటిగా హేవ్‌లాక్ తన నివేదికలో ఈ రైఫిలునే పేర్కొన్నాడు. ఏ ఆయుధాన్ని ముట్టనని సిపాయి అన్నాడో, దాని చేతనే అతడు చచ్చాడు.

ఇప్పుడు లక్నో వకీలుగారి తుపాకీకి వద్దాం.

తిరుగుబాటు అణిగాక, భారతీయ సైన్యాన్ని ఎలా పునర్నిర్మించాలో తేల్చడానికి లండన్‌లో పీల్ అధ్యక్షతన సంఘం కూర్చుంది. తెల్ల సైనికులకూ దేశీయ సైనికులకూ మధ్య నిష్పత్తి ఎంతుండాలి, ఫిరంగులు ఎవరి అధీనంలో ఉండాలి, ఏ ప్రాంతంవాణ్ణి ఏ ప్రాంతంవాడి మీద కాపలా పెట్టాలి అన్నవి పెద్ద ప్రశ్నలు. తుపాకీ గొట్టం చిన్న ప్రశ్న. దానికి దొరికిన సమాధానం మాత్రం అన్నిటికన్నా స్పష్టమైనది. దేశీయ సైన్యం కోసం 1858 నమూనా అని ఒక మస్కెట్టు తయారు చేశారు. చూడడానికి అచ్చంగా ఎన్‌ఫీల్డే. అదే పొడవు, అవే మూడు పట్టీలు, అదే మీట, అదే కిరీటం. లోపలి గాడులను మాత్రం తొలిచేసి గొట్టాన్ని 0.656 అంగుళానికి వెడల్పు చేశారు. దూరాల అంకెలున్న గురిపట్టీని తీసేసి, కదలని చిన్న దిమ్మను పెట్టారు. అలా తొలవడంతో గొట్టం గోడ పలచబడి, కొన్ని వంగిపోవడం మొదలైంది. అందుకే 1859 నమూనాకు మందమైన గొట్టం వేశారు. నా వేలికి తగిలిన నున్నదనం ఈ రెండో రకానిది.

రైఫిలు చేయగలిగిన కర్మాగారం, రైఫిలు చేసే యంత్రాల మీదే, రైఫిలు కానిదాన్ని ప్రత్యేకంగా శ్రమపడి తయారు చేసింది. ఖర్చు తగ్గించడానికి కాదు. దూరంగా కవాతు చూసేవాడికి తెల్ల సిపాయి, నల్ల సిపాయి ఒకే తుపాకీ మోస్తున్నట్టు కనిపించాలి. గొట్టంలోకి వేలు పెట్టినవాడికే తేడా తెలియాలి. సామ్రాజ్యం తన ప్రజల మీద పెట్టుకున్న నమ్మకాన్ని కొలవాలంటే రాణీగారి 1858 ప్రకటనలోని సమాన హక్కుల వాగ్దానాన్ని చదవవచ్చు, అదే ఏడాది నమూనాగా వచ్చిన ఈ మస్కెట్టును చూడవచ్చు. ఈ రెండో పత్రం మరింత నిజాయితీ గలదని నా అభిప్రాయం. తరువాత దశాబ్దాలలోనూ ఇదే వరస: తెల్ల పటాలాలకు మార్టినీ-హెన్రీ వచ్చాక దేశీయులకు స్నైడర్, వాళ్లకు లీ-మెట్‌ఫర్డ్ వచ్చాక వీళ్లకు మార్టినీ. ఎప్పుడూ ఒక తరం వెనక.

సైనికుడికి ఒక తరం వెనకటి తుపాకీ. పౌరుడికి అదీ లేదు. అవధ్‌లో 1858-59లో ఊరూరా ఆయుధాలు గుంజుకుని, తాలూకాదార్ల మట్టికోటలను నేలమట్టం చేశారు. తరువాత 1878లో లిట్టన్ ప్రభుత్వం ఒకే ఏడాది రెండు చట్టాలు తెచ్చింది. దేశభాషా పత్రికల నోరు కట్టే చట్టం ఒకటి, ఆయుధాల చట్టం రెండోది. యూరోపియన్లకు, ఆంగ్లో-ఇండియన్లకు రెండోదానినుంచి మినహాయింపు దొరికింది. పత్రికల చట్టాన్ని నాలుగేళ్లలో రిప్పన్ రద్దు చేశాడు. ఆయుధాల చట్టాన్ని ముట్టలేదు. పత్రికా రచయితగా ఈ జంట చట్టాల కథ నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది: మాట మీద ఆంక్షను సడలించడానికి సిద్ధపడిన ఉదారవాదికి కూడా తుపాకీ దగ్గర చేయి వణికింది.

కాంగ్రెసు తన మూడో మహాసభలో, 1887లో మద్రాసులో, ఈ చట్టం మీద తీర్మానం చేసింది. 1918లో ఖేడా జిల్లాలో సైనిక భర్తీ కోసం తిరిగిన గాంధీ, దేశం మొత్తాన్ని నిరాయుధం చేయడం బ్రిటిషు పాలన చేసిన పాపాలలోకెల్లా నల్లటిదిగా చరిత్రలో మిగులుతుందన్న భావంతో కరపత్రం రాశాడు. అహింసా ప్రవక్త నోట ఈ మాట నేటి పాఠకులకు ఇబ్బందిగా ఉంటుంది. ఆయనకు ఇబ్బంది లేదు. ఆయుధం చేతిలో ఉండీ దాన్ని వదిలేసినవాడిదే అహింస, గుంజుకోబడినవాడిది నిస్సహాయత అన్నది ఆయన లెక్క. 1931 కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ తెచ్చాడు. అంబేడ్కర్ అంగీకరించలేదు. సవరణ వీగిపోయింది. దేశ విభజన నెత్తురు ఆరని రోజుల్లో అంబేడ్కర్ నిర్ణయమే సరైనదని నేననుకుంటాను. కాని పరాయి ప్రభుత్వం పోయి మన ప్రభుత్వం వచ్చినప్పుడు ఆ ఒక్క వాగ్దానం ఎంత నిశ్శబ్దంగా జారిపోయిందో కూడా గమనించాలి. లిట్టన్ చట్టం 1962 అక్టోబరు దాకా అమలులోనే ఉంది. ఆ తరువాత దాని స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది.

ఈ చట్టాల మధ్య ఒక మినహాయింపు అప్పటినుంచి ఇప్పటిదాకా బతికే ఉంది. 1861లో కొడగు ప్రజలకు బ్రిటిషువారు ఇచ్చిన మినహాయింపు అది. కొడవలు, జమ్మా భూముల హక్కుదారులు నేటికీ లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవచ్చు. 2019లో కేంద్రం దీన్ని 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. 1857 తరువాత విధేయులుగా లెక్కకొచ్చినవారికి దొరికిన బహుమానం స్వతంత్ర గణతంత్రంలో సంప్రదాయం పేరుతో కొనసాగుతోంది. కొడవలను నేను తప్పుపట్టడం లేదు. వలస ప్రభుత్వం వేసిన 'నమ్మదగినవాళ్లు, నమ్మరానివాళ్లు' అన్న లెక్క మన దస్తావేజుల్లో ఇంకా ఎక్కడెక్కడ చెరగకుండా ఉందో చూపడానికి చెబుతున్నాను.

తెలుగు నేల మీద ఈ కథ పాయ చిన్నదే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఫిరంగుల ముందు వారి తుపాకులు నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాను దగ్గర కాల్చిచంపారు. అలాఉద్దీన్‌ను అండమాను పంపారు. నాడు రెసిడెంటు పక్షాన గట్టిగా నిలిచిన దివాను సాలార్‌జంగ్. ఆ వంశంవారి సేకరణే నేడు మూసీ ఒడ్డున మ్యూజియం. అందులో ఆయుధాల గది చూడని తెలుగు విద్యార్థి అరుదు. రెసిడెన్సీ మీదికి దూకినవాళ్ల చేతుల్లో ఉన్న తుపాకులు మాత్రం ఎవరి సేకరణలోకీ పోలేదు. ఇక భర్మారు అన్న మాట మనకు తెలంగాణ సాయుధ పోరాట జ్ఞాపకాలలో వినిపిస్తుంది. మూతినుంచి మందు కూరే ఆ నాటు తుపాకీ పేరు నేటికీ బస్తర్ సరిహద్దులో లొంగుబాట్ల గురించిన పోలీసు ప్రకటనల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఐరోపాలో అద్దాల బీరువా ఎక్కిన యంత్రాంగం మన అడవుల్లో ఇంకా కేసు డైరీల్లో ఉంది.

సేకర్తల ప్రపంచం వేరు. 1853 ఎన్‌ఫీల్డులు అమెరికా అంతర్యుద్ధంలో ఉభయ పక్షాలకూ కలిపి సుమారు 9 లక్షలు వెళ్లాయని అంచనా. బానిసత్వం కోసం పోరాడినవాడూ, దాని రద్దు కోసం పోరాడినవాడూ బర్మింగ్‌హామ్ వ్యాపారికి సమానమైన ఖాతాదారులే. అందుకే ఈ తుపాకీకి అసలు విపణి అమెరికాలో ఉంది. అక్కడి 1968 సమాఖ్య చట్టం 1898లోనూ అంతకుముందూ తయారైన తుపాకులను పురావస్తువులుగా లెక్కిస్తుంది. వాటికి సాధారణ తుపాకులకుండే ఆంక్షలు వర్తించవు. సేకర్త మొదట చూసేది మీట పలకను. 'ఎన్‌ఫీల్డ్' అని ఉంటే అది ప్రభుత్వ కర్మాగారంలో, అమెరికానుంచి తెప్పించిన యంత్రాల మీద తయారైనది. ఒకదాని మరను మరొకదానికి బిగించవచ్చు. 'టవర్' అని ఉంటే చాలావరకు బర్మింగ్‌హామ్ చేతిపని. ఒకదాని భాగం మరొకదానికి సరిపోతుందన్న హామీ లేదు. కంపెనీ ముద్ర - కిరీటాన్ని పట్టుకుని నిలబడ్డ సింహం - కనిపిస్తే కథ ఇంకా వెనక్కి పోతుంది. వీళ్లలో చాలామందికి కలల వస్తువు సింధ్‌లో జాకబాబాదు స్థాపించిన జాన్ జాకబ్ తన దళం కోసం రూపొందించిన జంటగొట్టాల రైఫిలు. 2,000 గజాల దాకా గురి గుర్తులున్న ఆ తుపాకీ 1858లో తయారైంది. ఆ ఏడాది డిసెంబరులోనే జాకబ్ చనిపోయాడు.

నకిలీల భయమూ ఎక్కువే. పెషావర్ దగ్గరి దర్రా ఆదంఖేల్ కమ్మరులు శతాబ్దానికి పైగా బ్రిటిషు తుపాకులకు నకళ్లు చేస్తున్నారు. విక్టోరియా కిరీటం కింద అక్షరాలు తలకిందులుగా ఉండడం, రాణి చనిపోయిన తరువాతి సంవత్సరం పక్కన రాణి ముద్ర ఉండడం వాళ్ల చేతిపనికి గుర్తులు. అఫ్ఘానిస్తాన్‌లో పనిచేసిన అమెరికా సైనికులు బజారుల్లో వీటిని కొని ఇంటికి మోసుకుపోయారు. ఇంగ్లీషు చదవడం రాని కమ్మరి చెక్కిన ఆ తప్పుల తడక ముద్రను సేకర్తలు ఎగతాళి చేస్తారు. నాకు అది ఎగతాళి చేయదగినదిగా తోచదు. కర్మాగారం తనకివ్వనన్నదాన్ని చేతి సుత్తితో సాధించినవాడి సంతకం అది.

మన ప్రాంతపు అతిపెద్ద నిధి ఖాట్మండూలో దొరికింది. లగన్ సిలేఖానా అనే పాత రాణా భవనంలో నేపాలు సైన్యం తరతరాల ఆయుధాలను పోగుపెట్టి మరిచిపోయింది. బ్రౌన్‌బెస్ మస్కెట్లు, నేపాలులోనే తయారైన బ్రన్స్‌విక్ రైఫిళ్లు, ఎన్‌ఫీల్డులు, మార్టినీలు - వేలకు వేలు. 2003 ప్రాంతంలో రెండు అమెరికా వ్యాపార సంస్థలు ఆ గుట్టను టోకుగా కొనుగోలు చేసి ఓడల్లో తరలించాయి. 1857-58లో జంగ్ బహాదూర్ రాణా గూర్ఖా సైన్యంతో లక్నో మీదికి వచ్చి బ్రిటిషువారికి సాయపడ్డాడు. ప్రతిఫలంగా 1860లో పశ్చిమ తరాయి నేపాలుకు తిరిగి దక్కింది. ఆ పొత్తు చరిత్రకు భౌతిక సాక్ష్యమనదగిన సామగ్రి ఇప్పుడు జార్జియాలో, న్యూజెర్సీలో గోదాములనుంచి పొట్లాలుగా అమ్ముడుపోతోంది. టిప్పు సుల్తాను పడకగది కత్తి 2023లో లండన్‌లో 1.4 కోట్ల పౌండ్లకు అమ్ముడుపోయినప్పుడు మన పత్రికలన్నీ మొదటి పేజీలో రాశాయి. నేనూ రాశాను. ఖాట్మండూ ఓడల గురించి మనలో ఎవరూ రాసినట్టు గుర్తులేదు. రాజుల కత్తులకే మనకు దేశభక్తి. సిపాయి భుజం మీది కొయ్య పాతసామాను.

మన దేశంలో ఈ తుపాకీని ఒక పౌరుడు చట్టబద్ధంగా దాచుకోగలడా? దాచుకోగలడు, చంపేసి. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధానికి 1959 చట్టం వర్తించదు. పేలే స్థితిలో ఉంటే, అది 170 ఏళ్లనాటిదైనా 2020 దాకా నేటి రివాల్వరుతో సమానంగా లైసెన్సు కావలసి ఉండేది. ఆ రాగి టోపీ కూడా చట్టం దృష్టిలో మందుగుండే. 2019 సవరణ ఒక వ్యక్తికి మూడు తుపాకులన్న పరిమితిని రెండుకు కుదించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండింటిలోనే. కాబట్టి తాతలనాటి తుపాకులున్న ఇళ్లలో టోపీ కూర్చునే చనుమొనకు వెల్డింగు వేయించారు, గొట్టం అడుగున సీసం పోయించారు. ప్రజల చేతుల్లో తుపాకులు పెరగాలని కోరేవాణ్ణి కాను; ఎన్నికల హింసను చాలా దగ్గరగా చూశాను. కాని నాటు పిస్టలుకూ మ్యూజియం వస్తువుకూ మధ్య తేడాను గుర్తించే వివేకం చట్టానికి ఉండకూడదా? వెల్డింగు పడిన తుపాకీ లోపలి నిర్మాణం పరిశోధకుడికి ఇక ఎన్నటికీ దొరకదు.

వకీలుగారి తుపాకీకి వెల్డింగు ఆయన తండ్రి హయాంలోనే పడింది. అయినా ప్రతి ఎన్నికలప్పుడూ ఒక కానిస్టేబు వచ్చి దాన్ని చూసి, "ఇది పేలుతుందా?" అని అడిగి, టీ తాగి వెళ్లేవాడట. "వాడి తాతా నన్ను ఇదే అడిగాడు" అని ఆయన నవ్వారు.

ఆయన మహమ్మారి రెండో ఏట పోయారు. ఇల్లు అమ్మకానికి పెట్టాక, టెక్సాస్‌లో ఉంటున్న ఆయన కుమారుడు నాకు ఫోను చేశాడు. అక్కడ తుపాకుల సంతలో ఇలాంటిదాన్ని ఏ కాగితమూ లేకుండా కొనుక్కోగలడట. సొంత ఇంటిదాన్ని మాత్రం తీసుకుపోలేడు. నూరేళ్లు దాటిన పురావస్తువును వ్యక్తులు దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు. ఒక మ్యూజియంవారిని అడిగితే, వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో కాగితాలు చూపమన్నారట. కాగితాలు లేవు. దుప్పటి ఉంది.

అది రైఫిలు కాదని, తిరుగుబాటు తరువాత దేశీయ సిపాయికోసం గాడులు లేకుండా చేసిన మస్కెట్టని, నిజానికి అలాంటిదే మరింత విలువైన సాక్ష్యమని అప్పుడతనికి చెప్పాను. కనీసం చీటీ అయినా సరిగ్గా రాసి కట్టమన్నాను.

కొంతసేపు అతను మాట్లాడలేదు. "కొయ్య మీద అబ్బాజాన్ 1857 అని సిరాతో రాసుకున్నారు భాయ్‌సాబ్. చెరపడానికి చేతులు రావడం లేదు" అన్నాడు.